కాన్వెంటు అనుకుని వెళ్తే: అమెరికా క్యాథలిక్ బాలికల ప్రెప్ స్కూళ్ళలో నాలుగేళ్ళ చదువు

తెలుగునాట ‘కాన్వెంటు’ అన్న మాట ఏనాడో దారి తప్పింది. వీధి చివర రెండు గదుల్లో ఎల్‌కేజీ, యూకేజీ చెప్పే బడీ కాన్వెంటే. అక్కడ సిస్టర్లు ఉండరు, చర్చి ఉండదు, గోడ మీద సరస్వతీదేవి పటం ఉంటుంది. అయినా కాన్వెంటే. నిజంగా సిస్టర్ల దగ్గర చదువుకున్నవాళ్ళకు గుర్తుండేవి వేరు: తెలుగులో మాట్లాడితే ఫైను, క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం క్లాసుకు వెళ్తే మిగతావాళ్ళకు మోరల్ సైన్సు, గోళ్ళు పెరిగితే స్కేలు దెబ్బ. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఎనిమిదో తరగతి కూతుర్ని క్యాథలిక్ బాలికల హైస్కూల్లో వేద్దామా అని ఆలోచించేటప్పుడు ఈ రెండు బొమ్మల్లో ఏదో ఒకటి కళ్ళముందు నిలుస్తుంది. రెండూ అక్కడ పనికిరావు.

అక్కడున్నది తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు తరగతుల స్కూలు. పేరు చివర అకాడమీ అనో, ప్రిపరేటరీ అనో ఉంటుంది. ‘కాలేజీ ప్రెప్’ అంటే పాఠాల వరస మొత్తం యూనివర్సిటీ ప్రవేశాన్ని దృష్టిలో పెట్టుకుని పేర్చిన బడి అని అర్థం. బ్రోషర్‌లో గళ్ళ స్కర్టులు, ఛాపెల్, నవ్వుతున్న పిల్లలు కనిపిస్తారు. నాలుగేళ్ళను నడిపేవి మాత్రం రెండు పొడి పత్రాలు: ఒకటి కోర్సు క్యాటలాగు, రెండోది స్కూలు నియమాలుండే హ్యాండ్‌బుక్. ఎదురయ్యే చిక్కుల్లో సగం ఆ రెండూ చదవకపోవడం వల్ల వచ్చేవే.

ఎవరి బడి?

ఈ స్కూళ్ళ చరిత్ర సన్యాసినీ సంఘాల చరిత్ర. న్యూ ఆర్లీన్స్‌లో ఉర్సులైన్ అకాడమీ 1727లో మొదలైంది. అమెరికా అనే దేశం పుట్టకముందు మాట అది. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ విజిటేషన్ 1799 నాటిది. శాన్ హోసేలో నోటర్ డామ్ 1851లో, డాలస్‌లో ఉర్సులైన్ 1874లో వచ్చాయి. మద్రాసు చర్చ్ పార్క్ స్కూలు పేరు తెలియని పాతతరం తెలుగువాళ్ళు తక్కువ. దాన్ని నడిపిన ప్రెజెంటేషన్ సిస్టర్లు 1842లో ఐర్లండు నుంచి మద్రాసు చేరారు. అదే సంఘంవాళ్ళు 1854లో శాన్ ఫ్రాన్సిస్కోలోనూ దిగి బడులు పెట్టారు. రెండు ఖండాల బడులకూ మూలం ఒకటే, 1775లో కార్క్ నగరంలో నేనో నేగల్ పెట్టిన సంఘం.

ఇప్పుడు ఆ బడుల్లో సిస్టర్లు కనిపించడం అరుదు. 1965లో అమెరికాలో 1,80,000 మంది దాకా ఉన్న సన్యాసినులు ఇవాళ 40 వేల లోపుకు వచ్చారు. పాఠాలు చెప్పేవాళ్ళు దాదాపు అందరూ మామూలు గృహస్థులే. ప్రిన్సిపాల్ కూడా చాలాచోట్ల అంతే. దాదాపు జీతం లేకుండా బోధించే సిస్టర్లు తగ్గిపోవడమే ఫీజులు పెరగడానికి ఒక పెద్ద కారణం. చాలా బాలికల స్కూళ్ళు పక్కనున్న బాలుర స్కూళ్ళలో కలిసిపోవడానికీ, మూతపడటానికీ అదీ ఒక కారణం.

యాజమాన్యం రెండు రకాలు. కొన్ని డయోసిస్, అంటే బిషప్ పరిధిలోవి. కొన్ని సన్యాసినీ సంఘం అండతో సొంత బోర్డు నడిపేవి. మొదటి రకంలో ఫీజు కాస్త తక్కువగా, చాలా నియమాలు డయోసిస్ అంతటా ఒకేలా ఉంటాయి. రెండో రకంలో ఫీజు, కోర్సులు, నియామకాలు బోర్డు చేతిలో ఉంటాయి. స్కూలు వెబ్‌సైటు అడుగున ఒక్క వాక్యంలో ఉండే ఈ సంగతి తెలిస్తే, రేపు ఏదైనా ఫిర్యాదు వస్తే ఎవరి తలుపు తట్టాలో కూడా తెలుస్తుంది.

ఎనిమిదో తరగతి శీతాకాలం

అసలు ఆట ఇక్కడే మొదలవుతుంది. కాలిఫోర్నియాలోనూ, ఇంకా చాలా రాష్ట్రాల్లోనూ క్యాథలిక్ హైస్కూళ్ళు అడిగే ప్రవేశ పరీక్ష హెచ్‌ఎస్‌పీటీ, అంటే హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్. న్యూయార్క్‌లో దాని స్థానంలో టాక్స్ అనే పరీక్ష ఉంటుంది. టెక్సస్‌లో ఐఎస్ఈఈ అడిగే స్కూళ్ళు కూడా ఉన్నాయి. హెచ్‌ఎస్‌పీటీలో మొత్తం 298 ప్రశ్నలు, ఐదు భాగాలు. వెర్బల్‌లో 60 ప్రశ్నలకు 16 నిమిషాలు. క్వాంటిటేటివ్‌లో 52 ప్రశ్నలకు 30. రీడింగ్‌లో 62 ప్రశ్నలకు 25. మ్యాథ్స్‌లో 64 ప్రశ్నలకు 45. లాంగ్వేజ్‌లో 60 ప్రశ్నలకు 25. క్యాలిక్యులేటర్ లేదు. తప్పు జవాబుకు మార్కు కోయరు.

ఈ అంకెల్ని కాస్త ఆగి చూడాలి. వెర్బల్‌లో ఒక్కో ప్రశ్నకు దక్కేది 16 సెకన్లు. పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, పోలికలతో పాటు ‘మొదటి రెండు వాక్యాలు నిజమైతే మూడోది నిజమా, అబద్ధమా, చెప్పలేమా’ అనే తర్కం ప్రశ్నలు కూడా అందులోనే వస్తాయి. లెక్కల్లో దిట్టలైన పిల్లలు ‘మ్యాథ్స్ చూసుకుంటే చాలు, ఇంగ్లీషు ఎలాగూ చిన్నప్పటి నుంచీ మాట్లాడే భాషే కదా’ అనుకుని ఈ భాగంలో బోల్తా పడతారు. తర్కం ప్రశ్న దగ్గర నిమిషం ఆగితే చివరి పది ప్రశ్నలు చూడకుండానే గంట మోగుతుంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఆఖరి అర నిమిషంలో మిగిలిన గళ్ళన్నీ నింపేయడం కూడా సాధనలో భాగమే కావాలి. చాలా డయోసిస్‌లలో ఈ పరీక్ష ఒక్కసారే రాయాలి. ప్రాక్టీసు కోసమని ఒక స్కూల్లో రాసి, అసలు స్కూల్లో మళ్ళీ రాస్తే తక్కువ స్కోరునో, మొదటి స్కోరునో లెక్కలోకి తీసుకునే చోట్లు ఉన్నాయి. రిజిస్టర్ చేసేముందు ఆ ఊరి నియమం చదవాలి.

పరీక్షతో పాటు ఏడు, ఎనిమిది తరగతుల మార్కులు, టీచర్ల సిఫార్సులు, ఒకరోజు స్కూల్లో తిరిగి చూసే షాడో డే, ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్వ్యూలో తండ్రే జవాబులు చెప్పేయడం మన ఇళ్ళల్లో తరచు జరిగే పొరపాటు. వాళ్ళు వినాలనుకునేది పిల్ల గొంతు.

ఈ పరీక్ష సీటు ఇచ్చి ఊరుకోదు. తొమ్మిదో తరగతిలో ఏ ఇంగ్లీషు, ఏ సైన్సు, ఏ లెక్కల సెక్షనో తేల్చడానికి కూడా చాలాచోట్ల ఇదే ఆధారం. సీటు వచ్చిందన్న సంబరంలో, కొన్నిచోట్ల ఏప్రిల్, మే నెలల్లో విడిగా జరిగే లెక్కల ప్లేస్‌మెంట్ టెస్టును తేలిగ్గా తీసుకునేవాళ్ళు చాలామంది. ఆ ఒక్క గంట పరీక్షే పన్నెండో తరగతిలో ఏ క్యాలిక్యులస్ దొరుకుతుందో నిర్ణయిస్తుంది.

లెక్కల నిచ్చెన

వరస ఇది: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీక్యాలిక్యులస్, ఏపీ క్యాలిక్యులస్. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం, మే మొదటి రెండు వారాల్లో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. తొమ్మిదిలో ఆల్జీబ్రా 1తో మొదలుపెట్టిన అమ్మాయి పన్నెండులో ప్రీక్యాలిక్యులస్ దగ్గర ఆగుతుంది. జామెట్రీతో మొదలుపెడితే క్యాలిక్యులస్ అందుతుంది. కాబట్టి ఇంజినీరింగ్ మీద ఆశ ఉన్నవాళ్ళు ఎనిమిదికల్లా ఆల్జీబ్రా 1 పూర్తిచేసి రావాలి. అంతవరకూ బాగానే ఉంది. అక్కడినుంచి ఇంకో మెట్టు, ఇంకో మెట్టు అని దూకించడంలోనే చిక్కు.

ట్యూషన్ సెంటర్లో వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు చేసిన పిల్లలకు గుణకారం, సమీకరణం వేగంగా వస్తాయి. జామెట్రీ అడిగేది వేరు. ‘ఈ రెండు త్రిభుజాలు సర్వసమానం అని చూపు, ప్రతి మెట్టుకూ కారణం రాయి’ అంటుంది. ఆ సంవత్సరాన్ని వేసవిలో ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సుగా కుదిస్తే, ‘ఏ’ గ్రేడు వస్తుంది గానీ రుజువు రాసే అలవాటు రాదు. ఆ లోటు రెండేళ్ళ తర్వాత ప్రీక్యాలిక్యులస్‌లో ట్రిగనామెట్రీ దగ్గర బయటపడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా నియమం ఒకటి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పై క్లాసు లెక్కల్లో మంచి గ్రేడు వస్తే కింది ఆల్జీబ్రాను పూర్తిచేసినట్టే లెక్కిస్తారు. జామెట్రీకి మాత్రం ఆ సౌకర్యం లేదు. దాన్ని విడిగా, ఆమోదం పొందిన కోర్సుగా చదివి తీరాలి.

ఏడు గడుల లెక్క

కాలిఫోర్నియా స్కూళ్ళలో కాలేజీ ప్రెప్ అంటే ముందు గుర్తొచ్చేది ‘ఏ టు జీ’ (A–G) జాబితా. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ, దరఖాస్తుకు అర్హత రావాలంటే ఏడాది పొడవు కోర్సులు 15 కావాలి: చరిత్ర 2, ఇంగ్లీషు 4, లెక్కలు 3, సైన్సు 2, ఇంగ్లీషు కాని భాష 2, కళలు 1, ఎలక్టివ్ 1. వీటిలో 11 పన్నెండో తరగతి మొదలవకముందే పూర్తి కావాలి. ఇది కనీసం మాత్రమే. పోటీలో నిలిచేవాళ్ళు లెక్కలు 4, సైన్సు 3 లేదా 4, భాష 3 దాకా తీసుకుంటారు. ప్రతిదాంట్లోనూ సీ గ్రేడు కంటే తగ్గకూడదు. డీ వస్తే ఆ కోర్సు ఆ జాబితాలో లేనట్టే, వేసవిలో మళ్ళీ చదవాలి.

ఇప్పుడు మతబోధన. క్యాథలిక్ స్కూల్లో థియాలజీ నాలుగేళ్ళూ తప్పనిసరి. మార్కులు ఉంటాయి, స్కూలు జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో కలుస్తాయి. విశ్వాసాన్ని పెంచడానికి ఉద్దేశించిన కోర్సును యూసీ ఏ టు జీలో చేర్చదు. ప్రపంచ మతాలు, నీతిశాస్త్రం లాంటివి పరిశీలనా దృష్టితో బోధిస్తేనే ఎలక్టివ్‌గా ఆమోదం దొరకొచ్చు. అంటే టైంటేబులులోని రోజువారీ గడుల్లో ఒకటి ప్రతి సంవత్సరం థియాలజీకి పోతుంది. స్కూల్లో ఏడు సబ్జెక్టులు తీసుకునే వీలుంటే, థియాలజీ పోను ఆరు మిగులుతాయి. ఆరు పీరియడ్ల పబ్లిక్ స్కూలుతో, అంటే అక్కడి ప్రభుత్వ బడితో సమానం అన్నమాట. ఆరే ఉంటే మిగిలేవి ఐదు. అప్పుడు ఆర్కెస్ట్రానో, కంప్యూటర్ సైన్సో, రెండో సైన్సో ఏదో ఒకటి వదులుకోవాలి. తల్లిదండ్రులకు స్కూలు చూపించే ఓపెన్ హౌస్‌లో అందరూ ఎన్ని ఏపీలు ఉన్నాయని అడుగుతారు. అంతకంటే ముందు ఏడాదికి ఎన్ని గడులు అని అడగాలి.

జీపీఏ విషయంలో ఇంకో గందరగోళం. ట్రాన్స్‌క్రిప్టులో, అంటే స్కూలిచ్చే గ్రేడ్ల పత్రంలో 4.4 చూసుకుని మురిసిన ఇంట్లో, యూసీ లెక్క వేసేసరికి 4.1 వస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. యూసీ తొమ్మిదో తరగతి తర్వాతి వేసవి నుంచి పదకొండో తరగతి తర్వాతి వేసవి దాకా తీసుకున్న ఏ టు జీ కోర్సుల్నే చూస్తుంది. థియాలజీ, పీఈ (వ్యాయామం) పోతాయి. కష్టమైన కోర్సులకు కలిపే ఆనర్స్ అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకే పరిమితం. అందులో పదో తరగతివి నాలుగు సెమిస్టర్లు దాటకూడదు. ఏపీకి ఆ పాయింటు దానంతటదే వస్తుంది. స్కూలు ‘ఆనర్స్’ అని పేరు పెట్టినంత మాత్రాన రాదు, యూసీ ఆమోదించిన జాబితాలో ఉండాలి. పదో తరగతిలో ఒకటి, పదకొండులో మూడు ఏపీలు తీసుకుంటే ఆ పరిమితి నిండిపోతుంది. తర్వాత తీసుకునే ఏడో ఏపీ, ఎనిమిదో ఏపీ చదువు కోసం, దరఖాస్తు బలం కోసం పనికిరావచ్చు గానీ ఆ అంకెను పెంచవు. నిద్రను మాత్రం తగ్గిస్తాయి.

టెక్సస్‌లో పరిస్థితి వేరు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల ఆటోమేటిక్ ప్రవేశం క్లాసు ర్యాంకు మీద నడుస్తుంది. చాలా ప్రెప్ స్కూళ్ళు ర్యాంకే ఇవ్వవు. చిన్న క్లాసులో అందరూ చదివేవాళ్ళే అయినప్పుడు ర్యాంకు ఇస్తే నష్టమని వాళ్ళ వాదన, అందులో న్యాయం ఉంది. అయితే అమ్మాయి చూపు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ మీద ఉంటే, ఆ దారి తమ పిల్లలకు ఎలా వర్తిస్తుందో చేరకముందే స్కూలును అడిగి తెలుసుకోవాలి.

థియాలజీ క్లాసులో హిందూ అమ్మాయి

అమెరికా క్యాథలిక్ స్కూళ్ళలో మొత్తమ్మీద సుమారు ఐదుగురిలో ఒకరు క్యాథలిక్ కానివాళ్ళు. మతం మార్చేస్తారేమో అన్న భయం తెలుగు ఇళ్ళల్లో నాయనమ్మలు, అమ్మమ్మల దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. వాస్తవంలో ఎదురయ్యేవి ఇంత నాటకీయమైనవి కావు.

అమెరికా బిషప్పుల సభ 2007లో ఆమోదించిన చట్రం ప్రకారం హైస్కూలు థియాలజీలో ఆరు ముఖ్యాంశాలు ఉంటాయి: బైబిలు, క్రీస్తు ఎవరు, ఆయన మరణ పునరుత్థానాల అర్థం, చర్చి, సంస్కారాలు, నైతిక జీవనం. ఒక్కోటి ఒక సెమిస్టరు. మిగిలిన రెండు సెమిస్టర్లకు సామాజిక న్యాయం, ఇతర మతాలతో సంబంధం లాంటి ఎలక్టివ్‌లు. పరీక్షలో ‘నువ్వు నమ్ముతావా’ అని అడగరు. ‘ఈ వాక్యభాగం ఏ కాలంలో, ఎవరి కోసం రాసింది, చర్చి దీన్ని ఎలా వివరిస్తుంది’ అని అడుగుతారు. చదివిన ఎవరైనా ‘ఏ’ గ్రేడు తెచ్చుకోవచ్చు. వ్యాసం రాసేటప్పుడు ఇబ్బంది వచ్చేది ‘అన్ని మతాలూ ఒకటే కదా’ అని ఒక్క వాక్యంతో తేల్చేసే పిల్లలకు. ఆ మాటకు మార్కులు పడవు. ఎందుకు, ఎక్కడ ఒకటి, ఎక్కడ కాదు అని వాదించాలి.

మాస్‌కు, అంటే చర్చి ఆరాధనకు హాజరు తప్పదు. నెలకోసారో, పండుగలకో ఉంటుంది. అందులో ఫాదర్ పంచే పవిత్ర రొట్టె, కమ్యూనియన్, క్యాథలిక్‌లకు మాత్రమే. మిగతావాళ్ళు వరసలో నిలబడి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ ఆశీర్వదిస్తారు, లేదంటే బెంచీలోనే కూర్చోవచ్చు. ప్రసాదం అనుకుని చేయి చాచడమే చేయకూడని పని. ఈ ఒక్క విషయం మొదటి మాస్‌కు ముందే పిల్లకు చెప్పాలి. యాష్ వెడ్నెస్‌డే నాడు నుదుట బూడిద పెడతారు, ఇష్టమైతేనే. విభూతి పెట్టుకునే ఇంటినుంచి వచ్చిన పిల్లకు అది వింతగా ఉండదు. ఆ రోజు మొదలయ్యే లెంట్‌లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో శుక్రవారాలు క్యాఫెటేరియాలో మాంసం ఉండదు. చేప ఉంటుంది, కాబట్టి శాకాహారులు మరీ సంబరపడక్కర్లేదు. బొట్టు, ముక్కుపుడక, చేతికి కాశీతాడు లాంటివాటి మీద నియమం స్కూలు స్కూలుకూ మారుతుంది. యూనిఫాం అధ్యాయంలో నగల పేరా చదివి, అనుమానం ఉంటే ముందే క్రమశిక్షణ చూసే డీన్‌కు మెయిల్ రాయడం మేలు. చాలావరకు ఒప్పుకుంటారు.

సేవా గంటల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. స్కూలును బట్టి నాలుగేళ్ళకు 60 నుంచి 100 గంటల చుట్టూ అడుగుతారు. గంటలు పూర్తిచేయకపోతే డిప్లొమా ఆపే స్కూళ్ళు ఉన్నాయి. తిరస్కరణకు గురయ్యేవి దాదాపు ఎప్పుడూ ఒకే రకాలు: బంధువుల పిల్లకు ట్యూషన్ చెప్పడం, నాన్న కంపెనీలో పని, డబ్బు తీసుకున్న పని, సూపర్‌వైజర్ సంతకం లేని పని. గుళ్ళో అన్నదానం వడ్డించడం కొన్నిచోట్ల పూర్తిగా చెల్లుతుంది. కొన్నిచోట్ల ‘సొంత మతసంస్థలో ఇన్ని గంటలే’ అని పరిమితి ఉంటుంది. పేదలతో, వృద్ధులతో, వికలాంగులతో నేరుగా గడిపిన గంటలే కావాలని కొన్ని స్కూళ్ళు పట్టుబడతాయి, ఎందుకంటే ఆ తర్వాత థియాలజీ క్లాసులో వాటి మీదే వ్యాసం రాయాలి. గంటలు కూడబెట్టడం కోసం ఆగస్టులో పరుగెత్తినవాళ్ళ వ్యాసం చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఒక రోజు, ఒక వారం

కాలిఫోర్నియా చట్టం 2022 నుంచి పబ్లిక్ హైస్కూళ్ళు ఉదయం 8:30 కంటే ముందు మొదలవకూడదని చెప్పింది. ప్రైవేటు స్కూళ్ళకు అది వర్తించదు, అయినా చాలా స్కూళ్ళు ఆ దారికే వచ్చాయి. ఎక్కువగా కనిపించేది బ్లాక్ పద్ధతి: ఒకరోజు నాలుగు క్లాసులు, మర్నాడు మిగతా మూడు, ఒక్కోటి 75 నుంచి 90 నిమిషాలు. మధ్యలో క్లబ్బులకో, అసెంబ్లీకో, టీచరు దగ్గర సందేహాలు తీర్చుకోవడానికో ఒక ఖాళీ పీరియడు.

బ్లాక్ పద్ధతిలో సైన్సు ల్యాబ్ ఒకే ఊపులో పూర్తవుతుంది, అది పెద్ద మేలు. దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. జ్వరం వచ్చి ఒకరోజు మానేస్తే పోయేది నిజానికి రెండు రోజుల పాఠం. రెండోది, హోంవర్కుకు ఎప్పుడూ మధ్యలో ఒకరోజు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ భ్రమలో నాలుగు సబ్జెక్టుల పని ఒకే రాత్రి మీద పడుతుంది. తొమ్మిదో తరగతిలో మొదటి ఆరు వారాలు తడబడే పిల్లల్లో చాలామందికి తెలివి తక్కువ కాదు, ఈ ఒకరోజు విడిచి ఒకరోజు క్యాలెండరు అలవాటు కాలేదు. ఇచ్చిన రోజే సగం చేసేయాలి అన్న ఒక్క నియమంతో అది సర్దుకుంటుంది. టీనేజి పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. సాయంత్రం ప్రాక్టీసు, రెండు మూడు గంటల హోంవర్కు, పైగా కూచిపూడి క్లాసు ఉన్న ఇంట్లో దేనికి కోత పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డిసెంబరు ఇండియా ప్రయాణాల సంగతి కూడా. ఫైనల్స్ క్రిస్మస్ సెలవులకు ముందు వారంలో ఉంటాయి. టికెట్టు చవకని నాలుగు రోజులు ముందు బయల్దేరితే, పబ్లిక్ స్కూల్లో ఇచ్చే ఇండిపెండెంట్ స్టడీ (బడికి రాకుండా సొంతంగా పాఠాలు పూర్తిచేయడం) లాంటి వెసులుబాటు ఇక్కడ దొరుకుతుందని అనుకోకూడదు. ముందస్తు ఫైనల్ పెట్టబోమని హ్యాండ్‌బుక్‌లో రాసే స్కూళ్ళు తక్కువేమీ కాదు. పెళ్ళి ముహూర్తం ఫైనల్స్ వారంలో పడితే సెప్టెంబరులోనే మాట్లాడాలి.

అమ్మాయిలే ఉంటే ఏమవుతుంది?

బాలికల స్కూళ్ళ ప్రచారంలో మొదటి వాక్యం ‘అబ్బాయిలు లేకపోతే అమ్మాయిలు బాగా చదువుతారు’ అని. దీనికి ఆధారం అనుకున్నంత గట్టిగా లేదు. 2014లో వెలువడ్డ ఒక పెద్ద సమీక్ష 21 దేశాల్లో 184 అధ్యయనాలను, 16 లక్షల మంది పిల్లల ఫలితాలను కలిపి చూసింది. కుటుంబ ఆదాయం, ముందునుంచీ ఉన్న మార్కులు లాంటి తేడాలను తీసేసి పోల్చిన అధ్యయనాల్లో, చెప్పుకోదగ్గ లాభం దాదాపు కనిపించలేదు. కారణం తేలిక: పరీక్ష పెట్టి ఎంచుకున్న పిల్లలు, ఫీజు కట్టగల తల్లిదండ్రులు, చిన్న క్లాసులు. ఈ మూడూ ఉన్నచోట ఫలితాలు ఎలాగూ బాగుంటాయి.

మరి మారేది ఏమిటి? కుర్చీల లెక్క మారుతుంది. విద్యార్థి సంఘం అధ్యక్షురాలు, రోబోటిక్స్ కెప్టెన్, పత్రిక సంపాదకురాలు, నాటకంలో సౌండ్ బోర్డు దగ్గర కూర్చునేది, ఫిజిక్స్ ల్యాబ్‌లో సాల్డరింగ్ చేసేది, అందరూ అమ్మాయిలే. ‘నేను నోట్స్ రాస్తాను, నువ్వు వైర్లు కలుపు’ అని పని పంచుకునే అలవాటుకు అక్కడ తావు లేదు. ఇది మార్కుల్లో తేలే విషయం కాదు, అందుకే అధ్యయనాలకు చిక్కదేమో.

దీనికి మరో పక్క ఉంది. ఒక తరగతిలో నూట యాభై మందే ఉంటే, తొమ్మిదిలో విడిపోయిన స్నేహం పన్నెండు దాకా ఎదురుపడుతూనే ఉంటుంది. రెండువేల మంది ఉన్న పబ్లిక్ స్కూల్లో ఇంకో గుంపులోకి జారుకోవచ్చు, ఇక్కడ కష్టం. అబ్బాయిలు పూర్తిగా కనుమరుగూ కారు. కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో కారండెలెట్ బాలికల స్కూలు, ఎదురుగా ఉన్న డి లా సాల్ బాలుర స్కూలు కొన్ని తరగతుల్ని కలిపి నడుపుతాయి. మిగతాచోట్ల నాటకాలు, డాన్సులు పక్క బాలుర స్కూలుతో కలిసి జరుగుతాయి.

ఆనవాయితీలు చాలానే. కొత్తగా చేరిన పిల్లకు పై తరగతి నుంచి ఒక ‘బిగ్ సిస్టర్’, పదకొండులో ఉంగరాల వేడుక, చివర్లో తెల్ల గౌనులో గ్రాడ్యుయేషన్. చాలా స్కూళ్ళలో కైరోస్ అనే మూడు, నాలుగు రోజుల రిట్రీట్ (ఆధ్యాత్మిక శిబిరం) ఉంటుంది. ఫోన్లు తీసేసుకుంటారు. దానికి ముందు తల్లిదండ్రుల్ని రహస్యంగా ఒక ఉత్తరం రాయమంటారు. మార్కుల ప్రస్తావన లేకుండా కూతురికి ఒక పేజీ రాయడం కొందరికి ఏపీ పరీక్ష కంటే కష్టం. ఈమెయిల్ స్పామ్‌లో పడి ఆ ఉత్తరం పంపకుండా మిగిలిపోవడం జరిగే పనే. ఆ పిల్ల చేతికి మాత్రమే ఖాళీ కవరు వస్తుంది. ఏ నెలలో కైరోస్ ఉందో క్యాలెండరులో రాసుకోవాలి.

డబ్బు

కాలిఫోర్నియా తీరంలో ఏడాది ఫీజు 20 వేల డాలర్లు దాటే స్కూళ్ళే ఎక్కువ. పై ఖర్చులు వేరు: తిరిగిరాని డిపాజిట్, పుస్తకాలు, యూనిఫాం, ట్యాబ్లెట్ లేదా ల్యాప్‌టాప్, ఒక్కో ఏపీ పరీక్షకు సుమారు 100 డాలర్లు, రిట్రీట్, ఆటల ఫీజు, తల్లిదండ్రుల వాలంటీర్ గంటలు చేయకపోతే వాటికి బదులు కట్టే సొమ్ము. స్కూలు బస్సు చాలాచోట్ల ఉండదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇదే అసలు ఖర్చు కావచ్చు. పిల్లల చదువుకోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతానుంచి హైస్కూలు ఫీజుకు ఏడాదికి 10 వేల డాలర్ల దాకా తీసుకునే వీలు 2018 నుంచి ఉంది, 2026 నుంచి ఆ పరిమితి 20 వేలు. ఇది ఫెడరల్ పన్ను మాట. కాలిఫోర్నియా దీన్ని ఒప్పుకోదు, అక్కడ ఆ లాభం మీద రాష్ట్ర పన్ను, దానిపై అదనపు వడ్డన పడతాయి. ఆర్థిక సహాయం దరఖాస్తు గడువు ప్రవేశ దరఖాస్తు గడువుకు దగ్గర్లోనే ఉంటుంది. సీటు వచ్చాక చూద్దామంటే నిధులు అయిపోతాయి.

కూపర్టినో, ఫ్రిస్కో లాంటి చోట్ల పబ్లిక్ స్కూళ్ళలో ఏపీలు, కంప్యూటర్ సైన్సు, బ్యాండు పెద్ద ఎత్తున ఉంటాయి. లెక్కల్లో క్యాలిక్యులస్ దాటిపోయే పిల్లకో, ఇంజినీరింగ్ వర్క్‌షాపు కావాలనే పిల్లకో అవే మెరుగు. ప్రెప్ స్కూల్లో చేరాక ఆ లోటు తీర్చుకోవాలంటే కమ్యూనిటీ కాలేజీ దారి ఉంది. యూసీకి బదిలీ అయ్యే ఒక సెమిస్టరు కాలేజీ కోర్సు హైస్కూల్లో ఏడాది కోర్సుతో సమానం. అయితే కౌన్సెలరుకు చెప్పకుండా చేరకూడదు. బయటి కోర్సును తమ ట్రాన్స్‌క్రిప్టులో చూపించని స్కూళ్ళు ఉన్నాయి, దరఖాస్తులో విడిగా నమోదు చేయాల్సి వస్తుంది.

కాలేజీ కౌన్సెలింగ్‌లో మాత్రం ప్రెప్ స్కూలుది పైచేయి. స్కూల్ కౌన్సెలర్ల జాతీయ సంఘం ఒక్కరికి 250 మంది పిల్లలు మించకూడదంటుంది. దేశ సగటు దానికి చాలా పైన ఉంది. ప్రెప్ స్కూల్లో కాలేజీ దరఖాస్తులకే విడిగా మనిషి ఉంటారు, పిల్ల పేరు, ఇష్టాలు, పదో తరగతిలో బీ ఎందుకు వచ్చిందో కూడా తెలిసి ఉంటుంది. చాలా కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు గడువులు ఎక్కువగా నవంబరు 1, యూసీ గడువు నవంబరు చివర. సిఫార్సు లేఖల కోసం టీచర్లను పదకొండో తరగతి వసంతంలోనే అడగాలి. అడగాల్సింది ‘ఏ’ గ్రేడు ఇచ్చిన టీచర్ని కాదు, తడబడి లేచిన క్లాసు టీచర్ని. వేల డాలర్లు పెట్టి బయటి కన్సల్టెంటును పెట్టుకుని, స్కూలు కౌన్సెలరుకు చెప్పకుండా కాలేజీల జాబితా మార్చేస్తే, స్కూలు పంపే లేఖ ఒక పిల్ల గురించి, దరఖాస్తు ఇంకో పిల్ల గురించి ఉన్నట్టు తయారవుతాయి.

ప్రతి ట్రాన్స్‌క్రిప్టుతో పాటు స్కూలు కాలేజీలకు పంపే రెండు, మూడు పేజీల పత్రం ఒకటుంది, పేరు స్కూల్ ప్రొఫైల్. ఓపెన్ హౌస్‌లో అడిగితే ఇస్తారు, చాలా స్కూళ్ళు వెబ్‌సైటులోనే పెడతాయి. కష్టమైన కోర్సుల గ్రేడ్లకు అదనపు విలువ ఎలా లెక్కిస్తారు, ఏ ఏపీలు నడుస్తున్నాయి, ఒక విద్యార్థి ఏడాదికి ఎన్ని తీసుకోవచ్చు, గత ఏడాది స్కోర్ల సగటు ఎంత, పిల్లలు ఏ కాలేజీలకు వెళ్ళారు, ఇవన్నీ అందులో ఉంటాయి. దాన్ని కోర్సు క్యాటలాగు పక్కన పెట్టి చూడాలి. క్యాటలాగులో ఏపీ ఫిజిక్స్ సీ ఉండి ప్రొఫైల్‌లో లేకపోతే, కావలసినంతమంది చేరక ఆ క్లాసు నడవకపోయి ఉండొచ్చు. తరువాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: క్లాసు పెట్టడానికి కనీసం ఎంతమంది అమ్మాయిలు కావాలి, గత మూడేళ్ళలో అది ఎన్నిసార్లు నడిచింది?